‘బోస్టన్ టీ పార్టీ’ అని కొడితే ఆనాటి ఉత్తరం దొరకదు: తొలినాటి అమెరికా చరిత్రను ఆన్‌లైన్‌లో వెతికే తీరు

ఫౌండర్స్ ఆన్‌లైన్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్, వర్జీనియా విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ కలిసి 2013లో దాన్ని తెరిచాయి. జార్జ్ వాషింగ్టన్, బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్, అలెగ్జాండర్ హామిల్టన్, జేమ్స్ మాడిసన్, జాన్ జే రాసినవీ, వాళ్లకు వచ్చినవీ కలిపి లక్షా 80 వేలకు పైగా పత్రాలు అందులో ఉన్నాయి. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అవసరం లేదు.

అక్కడి సెర్చ్ బాక్స్‌లో ‘బోస్టన్ టీ పార్టీ’ అని ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. ఫలితాలు వస్తాయి. తెరిస్తే మాత్రం ఆ మాట దాదాపు ప్రతిచోటా పత్రం అడుగున సంపాదకులు రాసిన నోట్‌లోనే కనిపిస్తుంది. 1773, 1774ల్లో రాసిన ఉత్తరాల లోపల ఉండదు. 1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో నిరసనగా ఈస్టిండియా కంపెనీ టీ పెట్టెలు సముద్రంలో పారబోసిన సంగతి వాళ్లకు తెలియక కాదు, ఆ పేరు అప్పటికింకా పుట్టలేదు. అచ్చులో అది వాడుకలోకి వచ్చింది అర్ధ శతాబ్దం గడిచాక, 1820లు, 1830ల్లో. ఆనాటివాళ్లు రాసింది ‘టీ నాశనం’ అనో, ‘బోస్టన్‌లో జరిగిన పని’ అనో.

1607లో జేమ్స్‌టౌన్ వలసతో మొదలుపెట్టి 1800 దాకా ఉన్న కాలానికి ఆన్‌లైన్‌లో సామగ్రి కరువు లేదు. చిక్కంతా మన పాఠ్యపుస్తకాల మాటలతో వాళ్ల కాగితాలను వెతకడంలోనే వస్తుంది. అందుకే సైట్ల జాబితా ఇచ్చి ఊరుకోకుండా, ఆ టీ పెట్టెల వెంటే ఒక్కో సైట్‌కూ వెళ్లి చూద్దాం.

మాటతో కాదు, తేదీతో మొదలుపెట్టాలి

ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో మొదట తేదీల గడి నింపండి: 1773 డిసెంబర్ 16 నుంచి 1774 జూన్ ఆఖరు దాకా. తర్వాత సెర్చ్ బాక్స్‌లో ‘టీ’ అనే ఒక్క మాట పెట్టండి. ఫలితాలను తేదీ వరసలో అమర్చుకుంటే కథ దానంతటదే విచ్చుకుంటుంది.

మొదట్లోనే ఆడమ్స్ కనిపిస్తాడు. డిసెంబర్ 17న, అంటే మర్నాడే, డైరీలో నిన్న రాత్రి మూడు ఓడల బోహీ రకం టీ సముద్రంలో ఖాళీ అయిందని రాసుకున్నాడు. ఆ పనిలో ఒక గాంభీర్యం ఉందని మెచ్చుకున్నాడు కూడా. అదే రోజు తన మిత్రుడు జేమ్స్ వారెన్‌కు ఉత్తరం రాస్తూ, పాచిక వేసేశామనీ, జనం నది దాటి వంతెన నరికేశారనీ అంటాడు. ఆ ‘పాచిక’కు ఇంగ్లిష్‌లో ఈనాడు ఐ, ఈ అక్షరాలతో రాసే మాటను ఆయన వై పెట్టి, బట్టల రంగుకు వాడే స్పెల్లింగ్‌తో రాశాడు. ఈనాటి స్పెల్లింగ్‌తో ఆ వాక్యం వెతికితే ఈ ఉత్తరం చేతికి రాదు. ఈ సైట్‌లో ఆనాటి స్పెల్లింగ్‌ను చాలావరకు అలాగే ఉంచారు కాబట్టి పూర్తి వాక్యం కాకుండా అందులో స్పెల్లింగ్ మారే వీలు లేని రెండు మూడు మాటలు ఎంచుకుని వెతకాలి.

తర్వాత ఫ్రాంక్లిన్. బోస్టన్ వార్త లండన్ చేరేసరికి 1774 జనవరి మూడో వారం వచ్చింది. ఫిబ్రవరి 2న అక్కడి నుంచి ఆయన మసాచుసెట్స్ నాయకులకు రాసిన ఉత్తరంలో మెచ్చుకోలు లేదు. ఒకరి సొంత ఆస్తిని పాడు చేశారు, నష్టం కట్టేయడం మంచిదన్నది ఆయన సలహా. అంతకు నాలుగు రోజుల ముందే, జనవరి 29న, బ్రిటిష్ రాజు సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్ ముందు నిలబెట్టి ఆయన్ని తీవ్రంగా అవమానించారు. ఈ సంగతి తెలిశాక ఆ సలహా ఇంకాస్త ఆసక్తిగా చదువుతాం. జూన్‌లో వాషింగ్టన్ తన మిత్రుడు ఫెయిర్‌ఫాక్స్‌కు రాస్తూ బోస్టన్ పోరు మొత్తం అమెరికా పోరు అంటాడు. ఆ వెంటనే, టీని నాశనం చేయడాన్ని మెచ్చి కాదు సుమా అని బ్రాకెట్లో చేరుస్తాడు. ముగ్గురు ‘జాతి నిర్మాతలు’ ఒకే ఘటన మీద మూడు తీరుల్లో మాట్లాడారు. పాఠ్యపుస్తకంలో ఒక్క పేరాగా కుదించిన చోట ఈ తేడా మిగలదు.

ఈ సైట్‌లో జాగ్రత్త పడాల్సినవి రెండు. కొన్ని పత్రాల మీద ‘ఎర్లీ యాక్సెస్’ అని ఉంటుంది. అవి ఇంకా సరిచూడని నకళ్లు, నోట్స్ కూడా ఉండవు. వాటిలోంచి ఏదైనా ఎత్తి రాసేముందు అదే పత్రం స్కాన్‌తో పోల్చుకోవాలి. వాషింగ్టన్, జెఫర్సన్ కాగితాల స్కాన్లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉన్నాయి. రెండోది, సెర్చ్ యంత్రం ఉత్తరాన్నీ నోట్‌నీ కలిపి వెతుకుతుంది. దొరికిన మాట పైన ఉందో కింద ఉందో చూడకుండా ‘ఆడమ్స్ ఇలా అన్నాడు’ అని రాసేస్తే, ఇరవయ్యో శతాబ్దపు సంపాదకుడి మాట ఆడమ్స్ నోట్లో పెట్టినట్టే.

పత్రికల దగ్గర ‘ఎస్’ తెచ్చిపెట్టే తంటా

ఉత్తరాల్లో కనిపించేది పెద్దమనుషుల గొంతు. ఊళ్లో ఏమనుకున్నారో తెలియాలంటే పత్రికలు చూడాలి. ఇక్కడ చాలామంది తడబడతారు. పద్దెనిమిదో శతాబ్దపు అచ్చులో మాట మొదట్లో, మధ్యలో వచ్చే ఎస్ అక్షరం పొడుగ్గా, ఎఫ్ లాగే ఉంటుంది. స్కాన్ చేసిన పేజీని చదివే ఓసీఆర్ యంత్రం దాన్ని ఎఫ్ అనుకుని ‘బోస్టన్’ను ‘బోఫ్టన్’ అని, ‘షిప్’ను ‘ఫిప్’ అని నమోదు చేస్తుంది. మీరు సరైన స్పెల్లింగ్ కొడితే సున్నా ఫలితాలు వస్తాయి. దాంతో ‘ఆ పత్రికలో ఏమీ రాయలేదు’ అని పొరబడతాం. మందు తేలికే. ఎస్ ఉన్న చోట ఎఫ్ పెట్టి మరోసారి వెతకాలి. లేదా ఎస్ అసలు లేని మాట ఎంచుకోవాలి. ‘టీ’, ‘హార్బర్’, ‘కార్గో’ లాంటివి ఈ పనికి బంగారం.

ఓసీఆర్ బాధే లేని చోటు ఒకటుంది. 1639 నుంచి 1800 దాకా అమెరికాలో అచ్చయిన పుస్తకాల్లో, కరపత్రాల్లో సుమారు 5 వేలను ఎవాన్స్ టీసీపీ ప్రాజెక్ట్ కింద మనుషులే కూర్చుని టైపు చేశారు. మిషిగన్ విశ్వవిద్యాలయం సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. యంత్రం చదివినవి కావు కాబట్టి పొడుగు ఎస్ ఇక్కడ ఇబ్బంది పెట్టదు. మతబోధల నుంచి పంచాంగాల దాకా అన్నీ ఉన్నాయి. అయితే ఇది మొత్తం అచ్చులో ఒక వాటా మాత్రమే. మిగతా భాగం స్కాన్లు డబ్బు కట్టే డేటాబేస్‌లో ఉన్నాయి. మీ విశ్వవిద్యాలయ లైబ్రరీకి చందా ఉందేమో అడిగి చూడటం తప్ప దారి లేదు.

బోస్టన్ పత్రికలకైతే మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ సైట్‌లోని హార్‌బాటిల్ డార్ సంపుటాలకు సాటి లేదు. డార్ బోస్టన్‌లో ఇనుప సామాను అమ్ముకునే వ్యాపారి. 1765 నుంచి 1776 దాకా వచ్చిన పత్రికలు కొని, దాచి, అంచుల్లో తన వ్యాఖ్యలు రాసి, విషయసూచిక కూడా తనే తయారు చేసుకున్నాడు. మొత్తం నాలుగు సంపుటాలు. పేజీలు బొమ్మలుగానే ఉంటాయి కాబట్టి వెతకాల్సింది ఆ సూచిక ద్వారానే. ఒక మామూలు కొట్టు యజమాని వార్త చదివి ఎక్కడ మండిపడ్డాడో, ఎవరిని తిట్టుకున్నాడో అంచులో చూడొచ్చు. ఈ మొత్తం సామగ్రిలో ఒక్కటే చూసే తీరిక ఉంటే ఇదే చూడమంటాను.

దక్షిణాది వలసలకు కలోనియల్ విలియమ్స్‌బర్గ్ సైట్‌లోని ‘వర్జీనియా గెజిట్’ ఉంది, 1736 నుంచి 1780 దాకా. ఇక్కడి ఉచ్చు వేరు. 1766 నుంచి ఒకే ఊళ్లో, ఒకే పేరుతో, వేర్వేరు ముద్రాపకులు పోటీ పత్రికలు నడిపారు. ‘వర్జీనియా గెజిట్, ఫలానా తేదీ’ అని మాత్రమే రాస్తే ఏ పత్రికో తేలదు. ముద్రాపకుడి పేరు కూడా రాసుకోవాలి. ఆ పత్రికలోని దుకాణాల ప్రకటనలు తిరగేస్తే చింట్జ్, కాలికో అంటూ మన దేశపు అద్దకపు బట్టల పేర్లు కనిపిస్తాయి. పాలంపోర్ (palampore) అనే పెద్ద అద్దకపు దుప్పట్లు కోరమండల్ తీరం నుంచి ఈస్టిండియా కంపెనీల ఓడల్లో అట్లాంటిక్ ప్రపంచం దాకా వెళ్లాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సైట్‌లో ఆ మాట కొడితే ఫొటోలు వస్తాయి. మచిలీపట్నం కలంకారీ చూసిన కళ్లకు వాటిని పరిచయం చేయక్కర్లేదు.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ‘క్రానిక్లింగ్ అమెరికా’ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. మంచి నిధే, కాకపోతే దాని బలం పందొమ్మిదో శతాబ్దంలో ఉంది. 1770ల కోసం మొదట అక్కడికి వెళితే నిరాశే.

లెక్కలు ఎందుకు కలవవు

పారబోసిన పెట్టెలెన్ని? చాలాచోట్ల 342 అని ఉంటుంది. రకాల వారీ జాబితా కూడితే 240 బోహీ, 60 సింగ్లో, 15 కాంగో, 15 హైసన్, 10 సౌచాంగ్, అంటే 340 అవుతుంది. రెండు అంకెలూ గౌరవనీయమైన చోట్లే కనిపిస్తాయి. ఒకటి దొంగ లెక్క అని కొట్టేయకండి, ఏ అంకె ఏ పత్రంలోంచి వచ్చిందో పక్కన రాసుకోండి. బరువు సుమారు 92 వేల పౌండ్లు, మన లెక్కలో 42 టన్నుల దాకా. కంపెనీ చూపిన నష్టం 9,659 పౌండ్లు, అదీ బ్రిటన్ డబ్బయిన స్టెర్లింగ్‌లో. ఈ చివరి మాట ముఖ్యం. ఆనాడు వలసల్లో ఒక్కోదానికీ ఒక్కో ‘పౌండ్’ ఉండేది. మసాచుసెట్స్ లెక్కలో 133 పౌండ్ల చిల్లర అయితే గానీ 100 స్టెర్లింగ్ పౌండ్లు కావు. ఆస్తుల జాబితాల్లో, వీలునామాల్లో కనిపించే అంకెలను ఇది చూడకుండా పోల్చితే తప్పు లెక్క వస్తుంది.

పై రకాల పేర్లు చూస్తే ఇంకో అపోహ కూడా పోతుంది. అది అస్సాం టీ కాదు. అన్నీ చైనా రకాలే, బోహీ అంటే వూయి కొండల టీ. మన దేశంలో కంపెనీ టీ తోటలు వేసింది 1830ల్లో. కంపెనీ మాత్రం మనకు బాగా తెలిసిన కంపెనీయే. 1611 నుంచి మచిలీపట్నంలో వర్తకం చేసినదీ, 1760ల్లో ఉత్తర సర్కార్లను చేజిక్కించుకున్నదీ అదే. బెంగాల్ కరవు కాలంలో అది సాగించిన దోపిడీ కథలు అమెరికా దాకా పాకాయి. 1773 నవంబర్‌లో ఫిలడెల్ఫియాలో జాన్ డికిన్సన్ ‘రస్టికస్’ అనే మారుపేరుతో రాసిన కరపత్రం, ఆసియాలో ఈ కంపెనీ మనుషుల ప్రాణాలను ఎంత చులకనగా చూసిందో గుర్తుచేసి, ఇప్పుడు మన మీద పడుతోందని హెచ్చరించింది. టీ గొడవను పన్నుల గొడవగానే చదివేవాళ్లు ఈ కోణాన్ని వదిలేస్తారు.

ఇక పన్ను సంగతి. ‘టీ ధర పెంచారు, అందుకే తిరగబడ్డారు’ అన్నది ఎక్కువగా వినే మాట. చట్టాలు చదవాలంటే యేల్ లా స్కూల్ వారి అవలాన్ ప్రాజెక్ట్‌కు వెళ్లాలి. హంగూ ఆర్భాటం లేని పాతకాలపు సైట్, అందుకే ఫోన్‌లో కూడా చిటికెలో తెరుచుకుంటుంది. అసలు 1773 టీ చట్టం వల్ల కంపెనీ నేరుగా వలసలకు అమ్ముకునే వీలొచ్చి ధర తగ్గుతుంది. పౌండు బరువు టీకి 3 పెన్నీల పాత సుంకాన్ని మాత్రం అలాగే ఉంచారు. చవక టీ తాగితే ఆ సుంకం హక్కును ఒప్పుకున్నట్టే అవుతుందన్నది వాళ్ల భయం, స్థానిక వర్తకుల కడుపుమంట దానికి తోడు. అవలాన్‌లో 1774 మార్చి 31 నాటి బోస్టన్ పోర్ట్ చట్టం కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీకి నష్టపరిహారం అందేదాకా రేవు తెరవకూడదని దాంట్లోనే రాసి ఉంది.

అవలాన్‌లో పత్రాల పాఠం ఉంటుంది గానీ ఆ పాఠం ఏ ముద్రణ నుంచి తీసుకున్నారన్నది మీరే గమనించుకోవాలి. ఉదాహరణకు 1787 రాజ్యాంగ సభ మీద మాడిసన్ నోట్స్. అవి అచ్చయింది 1840లో, ఆయన పోయాక. ఈలోగా ఆయన వాటిని ఎన్నోసార్లు దిద్దుకున్నాడు. ‘సభలో ఆ రోజు అన్న మాట’ అని వాటిని ఉటంకించేముందు ఇది గుర్తుండాలి.

అవతలి పక్షం, అసలు పక్షమే లేనివాళ్లు

ఇప్పటిదాకా చూసినవన్నీ గెలిచినవాళ్ల కాగితాలు. టీని దించి తీరాలని పట్టుబట్టిన గవర్నర్ థామస్ హచిన్సన్ ఉత్తరాలు కలోనియల్ సొసైటీ ఆఫ్ మసాచుసెట్స్ సైట్‌లో దొరుకుతాయి. ఆడమ్స్ డైరీ చదివిన రోజే ఇవీ చదివితే, ఒకే రాత్రిని ఇటు నుంచీ అటు నుంచీ చూసినట్టుంటుంది. 1774 నుంచి 1776 దాకా సభల తీర్మానాలు, ఊరి కమిటీల లేఖలు కావాలంటే పీటర్ ఫోర్స్ కూర్చిన ‘అమెరికన్ ఆర్కైవ్స్’ ఉంది. నార్తర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టింది.

పెట్టెలు పారబోసినవాళ్లలో కొందరు మోహాక్ అనే మూలవాసీ జాతివాళ్ల వేషం కట్టారు. నిజం మోహాక్‌ల మాట ఈ కాగితాల్లో ఎక్కడో గానీ వినబడదు. మూలవాసీ జాతుల వైపు వెళ్లడానికి తిన్నని దారి ఒప్పందాలు. ఆమోదం పొందిన 374 ఒప్పందాల స్కాన్లను నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో ఉంచింది. కాకపోతే అవి ప్రభుత్వం రాయించుకున్న ఇంగ్లిష్ కాగితాలు. చర్చల్లో దుబాసీ ఏం చెప్పాడో, అవతలివాళ్లు ఏమని అర్థం చేసుకున్నారో అందులో ఉండదు.

బానిసల వ్యాపారానికి ‘స్లేవ్ వాయేజెస్’ డేటాబేస్ ఉంది. అందులో సుమారు 36 వేల అట్లాంటిక్ ఓడ ప్రయాణాల వివరాలున్నాయి. దీన్ని వాడేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. అక్కడ ‘ప్రయాణాలు’ వేరు, ‘అంచనాలు’ వేరు. మొదటిది రికార్డు దొరికిన ఓడలది. రెండోది దొరకనివాటిని కూడా కలుపుకుని లెక్కగట్టినది. ఆఫ్రికా తీరంలో ఓడ ఎక్కించినవాళ్లు కోటీ 25 లక్షలు, ప్రాణాలతో దిగినవాళ్లు కోటీ 7 లక్షలు అనే అంకెలు రెండో పేజీవి. నేటి అమెరికా ప్రాంతానికి ఆఫ్రికా నుంచి నేరుగా తెచ్చినవాళ్లు అందులో 4 లక్షల లోపే. మొదటి పేజీలో అన్నీ కూడి ఈ అంకె రాలేదేమని తల పట్టుకోనక్కర్లేదు.

ఆ ఓడల్లో వచ్చినవాళ్ల పేరు, రూపు, మాట తీరు కనిపించేది విచిత్రంగా యజమానుల ప్రకటనల్లోనే. పారిపోయినవాళ్లను పట్టిస్తే బహుమతి ఇస్తామంటూ పత్రికల్లో వేసిన ప్రకటనలను కార్నెల్ విశ్వవిద్యాలయం వారి ‘ఫ్రీడమ్ ఆన్ ద మూవ్’ ఒకచోట చేరుస్తోంది. ఎత్తు, మచ్చలు, వేసుకున్న చొక్కా, వచ్చిన పని, మాట్లాడే భాషలు అన్నీ ఉంటాయి. పట్టుకోవడానికి రాసిన వర్ణన కాబట్టి చాలావరకు నికరంగా ఉంటుంది. కోపంతో రాసింది కాబట్టి ‘మోసగాడు’, ‘మాటకారి’ లాంటి విశేషణాలను మాత్రం తిరగేసి చదవాలి.

పిల్లల చదువుకైతే

అమెరికాలో ఉంటూ హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) యూఎస్ హిస్టరీ తీసుకున్న మన పిల్లలకు పై సైట్లన్నీ ఒక్కసారిగా మీద పడేస్తే లాభం లేదు. ఆ పరీక్షలో మొదటి మూడు విభాగాలు 1491 నుంచి 1800 దాకా. పత్రాల ఆధారంగా జవాబు రాయాల్సిన డీబీక్యూ అనే ప్రశ్నకు 7 పత్రాలు ఇచ్చి, చదవడానికీ రాయడానికీ కలిపి గంట సమయం ఇస్తారు. ముందు కథ వరస తెలియాలి. దానికి ‘ద అమెరికన్ యాప్’ (ఇంగ్లిష్‌లో Yawp) అనే ఉచిత ఆన్‌లైన్ పాఠ్యపుస్తకం, వినడానికి యేల్ విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టిన జోఆన్ ఫ్రీమన్ గారి 25 విప్లవకాలపు పాఠాలు చాలు. ఆ తర్వాత వారానికి ఒక పత్రం తీసుకుని ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏం ఆశించి రాశారో నాలుగు ముక్కలు రాయిస్తే పరీక్షకు కావాల్సిన అలవాటు అదే వస్తుంది.

పౌరసత్వ పరీక్షకు చదివే పెద్దలకు ఇంత లోతు అక్కర్లేదు. పౌరసత్వ దరఖాస్తులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ సైట్‌లోని ఉచిత ప్రశ్నల పట్టిక సరిపోతుంది. ఏ పట్టిక అన్నదే చూసుకోవాలి. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు 128 ప్రశ్నల కొత్త పట్టిక వర్తిస్తుంది. వాటిలో 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. పాత పట్టికలో 100 ప్రశ్నలు, అడిగేవి 10, కావాల్సినవి 6. యూట్యూబ్‌లో ఇంకా పాత పట్టిక వీడియోలే ఎక్కువ తిరుగుతున్నాయి.

వాట్సాప్‌లో వచ్చే కొటేషన్లు

వాషింగ్టన్, జెఫర్సన్ బొమ్మల పక్కన తిరిగే సూక్తుల్లో చాలావాటికి మూలం ఉండదు. పరీక్షించడం కష్టమేం కాదు. సూక్తిలోంచి అరుదైన నాలుగు మాటలు వరసగా తీసుకుని, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో వెతకండి. రాకపోతే స్పెల్లింగ్ మార్చి ఇంకోసారి. అప్పటికీ రాకపోతే జెఫర్సన్‌కైతే మాంటిసెల్లో సైట్, వాషింగ్టన్‌కైతే మౌంట్ వెర్నాన్ సైట్ చూడండి. ఇద్దరికీ అంటగట్టిన దొంగ సూక్తుల జాబితాలు అక్కడ విడిగా ఉన్నాయి. ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో లేనంత మాత్రాన దొంగదని తేల్చేయకూడదు, కాగితాల సంపాదకత్వం ఇంకా పూర్తి కాలేదు. ‘ఆధారం దొరకలేదు’ అనడం వరకే మన హక్కు.

తేదీల్లో ఒక మెలిక ఉంది. 1752కు ముందు ఇంగ్లిష్ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ ఏడు సెప్టెంబర్ 2 తర్వాతి రోజును 14గా మార్చి క్యాలెండర్ సరిచేశారు. అందుకే వాషింగ్టన్ పుట్టినరోజు ఒకచోట 1731 ఫిబ్రవరి 11, ఇంకోచోట 1732 ఫిబ్రవరి 22 అని ఉంటుంది. రెండూ ఒకే రోజు. జనవరి, ఫిబ్రవరి నెలల పాత పత్రాల మీద ‘1731/32’ అని కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు.

అన్నిటికన్నా మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించే మాట ‘ఇండియన్’. ఆ కాలపు కాగితాల్లో దానికి దాదాపు ఎప్పుడూ మూలవాసులనే అర్థం. భారత ఉపఖండం మనుషులూ ఉన్నారు, తక్కువమందే. వర్జీనియా, మేరీలాండ్ రికార్డుల్లో, పారిపోయినవాళ్ల ప్రకటనల్లో నౌకర్లుగా, బానిసలుగా ‘ఈస్ట్ ఇండియన్’ అని రాసిన వాళ్లు తగులుతారు. వాళ్ల కోసం వెతికేటప్పుడు ‘ఈస్ట్ ఇండియన్’, ‘ఈస్ట్ ఇండియా’ రెండూ విడివిడిగా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. ఓసీఆర్ ఉన్న చోట ‘ఈస్ట్’లోని ఎస్ బదులు ఎఫ్ పెట్టి మళ్లీ చూడాలి. ఫలితాల్లో కంపెనీ ఓడలూ, కంపెనీ సరుకూ కుప్పలుగా వస్తాయి. ‘పారిపోయెను’, ‘బహుమతి’ అనే మాటలకు ఆనాటి ఇంగ్లిష్ ప్రకటనల్లో వాడినవి జోడిస్తే సరుకు పక్కకు పోయి మనుషులు మిగులుతారు.